ఇంగ్లిష్ ప్రాంతీయ యాస పట్టుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ బ్రిటన్, ఐర్లాండ్ ప్రాంతీయ యాసల గురించి. ఇంగ్లిష్ మాట్లాడటం వచ్చి, ఫలానా ఊరి పలుకు పట్టుకోవాలనుకునే నటులకు, డబ్బింగ్ చెప్పేవాళ్లకు, అక్కడ స్థిరపడినవాళ్లకు, సరదాకి నేర్చుకునేవాళ్లకు ఉపయోగపడుతుంది. ఇంగ్లిష్ మాటలను తెలుగు లిపిలోనే రాశాం. మన లిపిలో ఆ అచ్చులన్నీ ఒదగవు, కాబట్టి రాసినదాన్ని గుర్తుగానే తీసుకోండి. తీర్పు చెవిదే.

## యాస, మాండలికం ఒకటేనా?

మామూలు మాటల్లో రెండింటినీ 'యాస' అనేస్తాం. నేర్చుకునేటప్పుడు మాత్రం విడదీసుకోవాలి. ధ్వనులు, ఊనిక (మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం), రాగం (వాక్యంలో గొంతు ఎక్కడం, దిగడం) కలిస్తే యాస. మాటలు, వ్యాకరణం మాండలికం కిందికి వస్తాయి. 'బస్'ను 'బుస్' అంటే యాస, 'నథింగ్'కు బదులు 'నౌట్' అంటే మాండలికం. యాస లేని ఇంగ్లిష్ అంటూ లేదు. పాతకాలపు రేడియో వార్తల పలుకు కూడా యాసే, కాకపోతే దానికి సొంత ఊరు లేదు.

## ఏ యాస ఎంచుకోవాలి?

'బ్రిటిష్ యాస' అని అడిగేవాళ్లే ఎక్కువ. అలాంటిదేదీ లేదు. 'ఉత్తర ఇంగ్లండ్ యాస' అన్నా చాలా వెడల్పు మాటే. లివర్‌పూల్‌కీ మాంచెస్టర్‌కీ మధ్య దూరం 50 కిలోమీటర్లే, అయినా నాలుగు మాటలు వింటే ఎవరిది ఏ ఊరో తెలిసిపోతుంది. న్యూకాసిల్, సండర్లాండ్ ఇంకా దగ్గర ఊళ్లు. 'పద, రా' అనడానికి మొదటి ఊరివాళ్లు 'హౌవే' అంటారు, రెండో ఊరివాళ్లు 'హావే' అంటారు. ఒకరి మాట ఇంకొకరి నోట వస్తే వెంటనే పట్టేస్తారు.

అందుకని మూడు విషయాలు తేల్చుకోండి: ఒక ఊరు, ఒక తరం, ఒక మనిషి. బ్రాడ్‌ఫర్డ్‌లో 70 ఏళ్ల పెద్దాయన, 20 ఏళ్ల అమ్మాయి ఒకేలా మాట్లాడరు. మీ వయసుకూ మీ గొంతు స్థాయికీ దగ్గరగా ఉన్న మనిషిని ఎంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఆ మనిషి అక్కడే పుట్టి పెరిగి ఉండాలి, రాసుకున్నది చదవకుండా మామూలుగా మాట్లాడుతూ ఉండాలి. సినిమా నటుణ్ణి నమూనాగా పెట్టుకోవద్దు. వేరే ఊరి నటుడు నేర్చుకుని పలికిన యాసను మీరు నేర్చుకుంటే అది నకలుకు నకలు అవుతుంది.

## నమూనా గొంతులు ఎక్కడ దొరుకుతాయి?

ఇంటర్నేషనల్ డయలెక్ట్స్ ఆఫ్ ఇంగ్లిష్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారం అన్నిటికంటే పనికొస్తుంది. అక్కడ చాలామంది ఒకే పాఠం చదువుతారు, తర్వాత సొంత మాటల్లో కాసేపు మాట్లాడతారు. పుట్టిన ఊరు, వయసు కూడా రాసి ఉంటాయి. పాఠం ఒకటే కాబట్టి రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. స్థానిక రేడియోకి జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమాలు, ఆటగాళ్ల ఇంటర్వ్యూలు కూడా మంచివే.

లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ ఆధ్వర్యంలో 1950 నుంచి 1961 దాకా ఇంగ్లండ్‌లో 313 చోట్ల మాండలిక సర్వే జరిగింది. ఆ సమాచారం అమూల్యమే, కానీ అందులో మాట్లాడినవాళ్లు ఎక్కువగా పల్లెల్లోని ముసలివాళ్లు. ఇప్పటి నగరపు పలుకు కోసం దాన్ని వాడితే తాతల భాష వస్తుంది. చారిత్రక పాత్ర వేస్తున్నవాళ్లకైతే బంగారమే.

## తెలుగు నోటికి ఏ యాస దగ్గర?

లండన్ అనుకుంటారు చాలామంది. నిజానికి వేల్స్, ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్, ఐర్లాండ్ మనకు ఎక్కువ దగ్గర.

ముందు ఏ, ఓ సంగతి. లండన్‌లో 'డే', 'గో' అనేటప్పుడు అచ్చు ఒకచోట నిలవదు, 'డెఇ', 'గఉ' అన్నట్టు జారుతుంది. యార్క్‌షైర్‌లో, స్కాట్లాండ్‌లో, వేల్స్‌లో చాలాచోట్ల జారదు. మన ఏ, ఓ లాగే కదలకుండా నిలబడుతుంది. ఉచ్చారణ తరగతుల్లో మీరు ఏళ్లపాటు దిద్దించుకున్న 'తప్పు' అక్కడ ఒప్పు.

రెండోది ద్విత్వం. 'బటర్', 'మనీ', 'సిటీ' లాంటి మాటల్లో మనవాళ్లు హల్లును ఒత్తి 'బట్టర్', 'మన్నీ', 'సిట్టీ' అంటారు. ఇంగ్లండ్‌లో ఇది వెంటనే దొరికిపోతుంది. వేల్స్‌లో మాత్రం ఊనిక పడ్డ పొట్టి అచ్చు తర్వాతి హల్లు నిజంగానే సాగుతుంది. మీ ద్విత్వాన్ని పూర్తిగా చంపకుండా సగానికి తగ్గిస్తే చాలు.

మూడోది త, ద. 'థింక్', 'దిస్' మొదట్లో ఇంగ్లండ్‌వాళ్లు నాలుకను పళ్లకు తాకించీ తాకించకుండా గాలి వదులుతారు. ఐర్లాండ్‌లో చాలామంది అక్కడ మన దంత్య త, ద లాగే నాలుకను పళ్లకు ఆనించి ఆపుతారు. ఐతే 'టిన్' అనేటప్పుడు నాలుక పళ్లను వదిలి వెనక్కి వెళ్తుంది, కాబట్టి 'థిన్', 'టిన్' వాళ్లకు వేరువేరే. ఆ తేడా మీ నోటా ఉండాలి. ఇక మన తేలిక 'ల' విషయానికొస్తే, దక్షిణ వేల్స్‌లో, ఐర్లాండ్‌లో చాలామంది నోట మాట చివర కూడా అదే వినిపిస్తుంది. లండన్‌లో 'మిల్క్'లోని ల కరిగి 'మియుక్'లా అవుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. ధ్వని కలిసిన చోట మనసు ఏమరుతుంది, ఆ సందులోంచి తెలుగు లయ మొత్తం దూరిపోతుంది. దగ్గర యాస మొదలుపెట్టడానికి సులువు, ముగించడానికి కాదు.

## ఏ ఊరి యాసైనా సరే, ముందు ఏవి సరిచేసుకోవాలి?

అచ్చుల కోసం నెలలు కష్టపడినవాళ్లు కూడా చాలాసార్లు దొరికిపోయేది 'వ' దగ్గర. ద్రాక్షతీగనూ ద్రాక్షసారానూ మన లిపిలో ఒకేలా 'వైన్' అని రాస్తాం, ఒకేలా పలుకుతాం. నేటి బ్రిటన్‌లో ఆ రెండూ ఎక్కడా ఒకటి కావు. తీగకు పై పళ్లు కింది పెదవిని తాకాలి, పెదవి జుమ్మనాలి. సారాకు పళ్లతో పనిలేదు: పెదవుల్ని ఊ అన్నట్టు గుండ్రంగా ముడిచి వదలాలి. తెలుగు వ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది కాబట్టి రెండు చోట్లా తప్పుతుంది. అద్దం ముందు రోజూ 20 జతలు చెప్పండి. కళ్లకు కనిపించే తప్పు కాబట్టి తొందరగానే లొంగుతుంది.

తర్వాత ట, డ. మనం నాలుక కొనను పైకి మడిచి అంగిలికి కొడతాం. వాళ్లు పై పళ్ల వెనకున్న చిగురు గట్టుకే ఆనిస్తారు, మడవరు. 'స' అనేటప్పుడు కొన ఎక్కడికి చేరుతుందో చూసుకోండి, ఇంచుమించు అక్కడే ట కొట్టాలి. మనకు త ఉంది, ట ఉంది, వాళ్లది ఆ రెంటికీ మధ్య.

మాట మొదట్లో ఊనికతో వచ్చే ప, ట, కల వెంట కొంత గాలి బయటికి రావాలి. పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో సన్నటి కాగితం పట్టుకుని 'పిన్' అనండి, కాగితం కదలాలి. 'స్పిన్' అంటే కదలకూడదు. గాలి లేని 'పిన్' వాళ్ల చెవికి 'బిన్' అనిపించవచ్చు. లాంకషైర్, యార్క్‌షైర్ పాతతరం పలుకులో, స్కాట్లాండ్‌లో ఈ గాలి తక్కువ. అలాంటి నమూనా ఎంచుకుంటే కాగితం పరీక్షను అంత గట్టిగా పట్టించుకోనక్కర్లేదు.

'జూ' మొదటి ధ్వని మన జ కాదు. 'స' అంటూ ఉండి మధ్యలో గొంతు కలిపితే వచ్చే తుమ్మెద రొద అది. నాలుక ఎక్కడా అంటుకోదు. 'ఎగ్' ముందు య, 'ఓన్లీ' ముందు వ చేర్చే అలవాటు, 'బస్సు', 'రోడ్డు'ల్లా చివర ఉ తగిలించే అలవాటు ఎలాగూ మానాలి.

అన్నిటికంటే పెద్ద పని లయది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దక్కుతుంది. ఇంగ్లిష్‌లో ఊనిక పడ్డ అక్షరం మిగతావాటి వాటా లాగేసుకుంటుంది. 'డాగ్స్ వాంట్ బోన్స్' అంటూ మూడు చప్పట్లు కొట్టండి. అదే వేగంతో, అవే మూడు చప్పట్లకు, 'ద డాగ్స్ విల్ బి వాంటింగ్ సమ్ బోన్స్' చెప్పండి. మధ్య అక్షరాలు నలిగిపోతేనే సరిపోతుంది. యార్క్‌షైర్ అని మనం నిండుగా రాస్తాం, పలుకుతాం. అక్కడివాళ్ల నోట ఆ 'షైర్' నలిగి 'ష' మాత్రమే మిగులుతుంది.

## సాధన ఎక్కడ మొదలుపెట్టాలి?

జాన్ వెల్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త 1982లో ఇంగ్లిష్ అచ్చులను 24 గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో మాటను పేరుగా పెట్టారు: కిట్, డ్రెస్, ట్రాప్, స్ట్రట్, ఫుట్, బాత్, నర్స్, ఫేస్, గోట్, ప్రైస్, మౌత్, స్క్వేర్ ఇలా. యాసలను పోల్చడానికి ఇంతకంటే సులువైన పనిముట్టు లేదు. 'బాత్' గుంపులో ఒక మాట ఎలా పలుకుతారో తెలిస్తే, కొన్ని మొండి మాటలు తప్ప, గుంపంతా తెలిసినట్టే.

1. నమూనా గొంతులో 60 నుంచి 90 సెకన్ల ముక్క ఒకటి తీసుకోండి. అంతకంటే పొడుగు వద్దు.
2. వినిపించింది వినిపించినట్టు రాయండి. తడబాట్లు, 'ఎర్', 'అమ్'లు కూడా వదలొద్దు.
3. ఊనిక పడ్డ ప్రతి అచ్చు కిందా గీత గీసి, అది ఏ గుంపుదో పక్కన రాయండి.
4. మీ పలుకుకూ వాళ్ల పలుకుకూ తేడా ఉన్న గుంపుల్ని మాత్రమే ఏరండి. మామూలుగా 8 నుంచి 10 మిగులుతాయి. మీ పాఠ్యప్రణాళిక అదే.
5. ఒక్కో గుంపుకు 20 మాటలు, 5 వాక్యాలు రాసుకోండి. వారానికి రెండు గుంపులకు మించి ముట్టుకోవద్దు.

మాటల్లో ఎక్కువసార్లు తగిలే ఫేస్, గోట్, స్ట్రట్, ప్రైస్ గుంపులతో మొదలుపెట్టండి. ఊళ్ల మధ్య తేడా ఎక్కువగా బయటపడేది కూడా వీటిలోనే.

## ఉత్తర ఇంగ్లండ్ యాసలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవేమిటి?

రెండే రెండు పెద్ద విషయాలు, అవి కుదిరితే మనిషి ఉత్తరాది అని చెవికి అర్థమైపోతుంది.

ఒకటి: 'కప్', 'లవ్', 'బస్' లాంటి స్ట్రట్ గుంపు మాటల్లో అ ఉండదు. 'ఫుట్'లోని ఉ ఉంటుంది. 'కుప్', 'లువ్', 'బుస్'. 'మండే' కూడా ఉ తోనే మొదలవుతుంది, తెలుగు చెవికి ఇబ్బందిగా ఉన్నా తప్పదు! 17వ శతాబ్దంలో దక్షిణాదిలో ఈ అచ్చు రెండుగా చీలింది, ఉత్తరాదిలో చీలలేదు. మన ఉ ను నేరుగా వాడేస్తే గట్టిగా వినిపిస్తుంది. పెదవుల్ని వదులు చేయండి. 'వన్', 'వన్స్' మాత్రం చాలాచోట్ల 'వొన్', 'వొన్స్' అవుతాయి, 'గాన్'తో ప్రాస కుదిరేలా.

రెండోది: 'బాత్', 'గ్రాస్', 'లాఫ్', 'డాన్స్' మాటల్లో పొడుగు ఆ ఉండదు. మనం 'క్లాస్', 'గ్లాస్', 'పాస్' అని సాగదీసి నేర్చుకున్నాం కాబట్టి ఇక్కడ జాగ్రత్త పడాలి. సాగదీయొద్దన్నారని 'బ్యాత్' అంటే అదీ తప్పే. నోటిని ఆ ఆకారంలోనే ఉంచి నిడివిని సగానికి కోయండి. 'క్యాట్', 'మ్యాన్'లకూ అదే అచ్చు: మధ్యలో య వాసన రాకూడదు.

ఇక్కడే చాలామంది అతి చేస్తారు. సూత్రం తెలిసిందని కనిపించిన ప్రతి ఆ ను పొట్టి చేస్తారు. 'ఫాదర్', 'హాఫ్', 'పామ్' ఉత్తరాదిలోనూ పొడుగే. 'కాంట్' కూడా చాలాచోట్ల పొడుగే. 'కార్', 'పార్క్' పొడుగే, పైగా యార్క్‌షైర్‌లో అది అచ్చంగా మన ఆ. ఈశాన్యంలో 'మాస్టర్', 'ప్లాస్టర్' రెండూ పొడుగు, వాటి పక్కనే 'బాత్' పొట్టి. సూత్రంతో సరిపెట్టుకోకుండా మొండి మాటల జాబితా విడిగా రాసుకోవాలి.

## యార్క్‌షైర్‌వాళ్లు 'ద' బదులు 'టు' అంటారట, నిజమేనా?

రాతలో అలా కనిపిస్తుంది, నోట్లో అలా ఉండదు. 'డౌన్ ద పబ్' అన్నప్పుడు 'ద' స్థానంలో చాలాసార్లు గొంతులో చిన్న ఆగుడు మాత్రమే ఉంటుంది: 'డౌన్', ఒక రెప్పపాటు మూత, 'పుబ్'. దాన్ని 'డౌన్ టు పబ్' అని పలికితే అక్కడివాళ్లు నవ్వుతారు. ప్రతి 'ద' నూ మింగరు కూడా. అదే మనిషి ఒకే వాక్యంలో ఒకచోట మింగి, ఇంకోచోట నిండుగా పలకవచ్చు. మీ నమూనా ముక్కలో ఎన్ని మింగారో లెక్కపెట్టి ఆ పాళ్లలోనే వాడండి.

అంతగా పేరుకెక్కని గుర్తు ఇంకొకటుంది. మెత్తటి హల్లు తర్వాత గట్టి హల్లు వస్తే మెత్తటిది కూడా గట్టిపడుతుంది: బ్రాడ్‌ఫర్డ్‌ను అక్కడివాళ్లు 'బ్రాట్‌ఫర్డ్' అంటారు. సంధి సూత్రాలు తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

## గొంతులో 'ట' మింగడం ఎలా?

'వద్దు' అనడానికి నోరు పూర్తిగా తెరవకుండా 'అఁ-అఁ' అంటాం కదా, ఆ రెంటి మధ్య గొంతులో పడే మూత అదే. 'బటర్' అనేటప్పుడు నాలుకను కదపకుండా 'బ', మూత, 'అ' అనండి. లండన్‌లో, లీడ్స్‌లో, గ్లాస్గోలో, ఇప్పుడు చాలా నగరాల్లో కుర్రకారు నోట వినిపిస్తుంది.

మాట మొదట్లోని ట కు ఇది ఎప్పుడూ వర్తించదు. ఊనిక అక్షరం మొదట్లో కూడా అంతే: 'హోటెల్'లో మింగరు, 'బాటిల్'లో మింగుతారు.

లండన్ నేర్చుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. 'థింక్'ను 'ఫింక్', 'బ్రదర్'ను 'బ్రవర్' అంటారు, నిజమే. కానీ 'దిస్'ను 'విస్' అనరు. మాట మొదట్లో ఆ మార్పు జరగదు.

## లివర్‌పూల్ యాసలో గరగరమనే ఆ 'క' ఏమిటి?

క అనబోయి, నాలుక వెనకభాగాన్ని అంగిలికి పూర్తిగా ఆనించకుండా, ఆ సందులోంచి గాలిని గరగరా పోనివ్వడమే. తెలుగు ఖ కాదు, ఖ లో గాలి ఆగి తర్వాత విడుదలవుతుంది. ఉర్దూ వచ్చినవాళ్లు 'ఖబర్' అనేటప్పుడు పలికేది దీనికి సరిగ్గా సరిపోతుంది. 'బ్యాక్', 'చికెన్' లాంటి మాటల్లో మధ్యన, చివరన వస్తుంది. మొదటి క కు అంతగా రాదు. 'దట్', 'వాట్' చివరి ట కూడా మెత్తబడి హ్ లాగో స్ లాగో జారుతుంది.

'హర్', 'హెయిర్' రెంటికీ లివర్‌పూల్‌లో ఒకే అచ్చు, ఏ కు దగ్గరది. నర్స్, స్క్వేర్ గుంపులు కలిసిపోయాయన్నమాట. 'సింగర్'లో గ స్పష్టంగా వినిపిస్తుంది. ఇది మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లలోనూ ఉంది, మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే కాబట్టి వదిలేయండి. 19వ శతాబ్దంలో, ముఖ్యంగా 1840ల కరువు కాలంలో, ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ల పలుకు ఈ ఊరి యాసను బాగా మలిచింది. చుట్టుపక్కల లాంకషైర్‌తో పోలిక తక్కువగా ఉండటానికి అదొక కారణం. ఈ యాసకున్న 'స్కౌస్' అన్న పేరు నావికులు తినే 'లాబ్‌స్కౌస్' అనే కూర నుంచి వచ్చింది.

## న్యూకాసిల్ యాసలో అందరూ చేసే పొరపాటు ఏది?

హ మింగేయడం. ఉత్తరాది నగరాల్లో చాలాచోట్ల 'హౌస్' మొదటి హ పోతుంది కదా అని ఇక్కడా తీసేస్తారు. న్యూకాసిల్‌వాళ్లు హ నిలుపుకుంటారు. 'టౌన్'ను 'టూన్' అనడం, 'హోమ్'ను 'హ్యెమ్' అనడం, 'గో'ను 'గాన్' అనడం పాత పలుకు. కుర్రవాళ్లు వీటిని సరదాకో, సొంత ఊరి అభిమానంతోనో వాడతారు, వాక్యానికొకటి చొప్పున కాదు. 'పేపర్', 'బేకర్' లాంటి మాటల్లో అచ్చుల మధ్య వచ్చే ప, క లకు గొంతు మూత తోడవుతుంది. హల్లు పోదు, దాన్ని గొంతుతో కలిపి ఒకేసారి బిగిస్తారు. ఈ ఒక్కటి కుదిరితే యాస సగం వచ్చినట్టే.

## 'ర' ఎక్కడ పలకాలి, ఎక్కడ వదలాలి?

స్కాట్లాండ్, ఐర్లాండ్, నైరుతి ఇంగ్లండ్‌లోని సామర్సెట్, డెవన్, కార్న్‌వాల్, బ్రిస్టల్, లాంకషైర్‌లో బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల పాతతరం: ఇక్కడ 'కార్', 'ఫార్మ్'లలో ర వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మిగతా చోట్ల, వేల్స్‌లో ఎక్కువ భాగం అచ్చు ముందు తప్ప వినిపించదు.

ర లేని యాసలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ర తిరిగొస్తుంది: 'కా' అయిన 'కార్', 'కార్ ఈజ్' అన్నప్పుడు 'కారిజ్' అవుతుంది. అసలు ర లేనిచోట కూడా పుట్టుకొస్తుంది: 'లా అండ్ ఆర్డర్' కాస్తా 'లారండ్ ఆడ'. ర ఉన్న స్కాట్లాండ్, నైరుతి ఇంగ్లండ్ లాంటి చోట్ల ఇలా పుట్టించడం పెద్ద తప్పు.

ర ఉన్నచోట కూడా అన్నీ ఒకటి కావు. స్కాట్లాండ్ పాతతరంవాళ్లది నాలుక ఒకసారి తట్టే ర, మనదానికి దగ్గర. నైరుతిలో నాలుక ఎక్కడా తగలదు, వెనక్కి వంగి ఆగుతుంది. ఈ రెండింటినీ కలిపేస్తే సముద్రపు దొంగల వేషంలా ఉంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి బ్రిస్టల్ వింత ఒకటి: అ తో ముగిసే మాటలకు చివర ల చేరుస్తారు, 'ఐడియా' 'ఐడియల్' అవుతుంది. ఆ ఊరి పేరే దానికి సాక్ష్యం. మొదట 'బ్రిగ్‌స్టో', అంటే వంతెన దగ్గరి చోటు. చివరి ల తర్వాత వచ్చి చేరింది.

## మాటలన్నీ సరిగ్గానే పలుకుతున్నా వాక్యం వేరేగా వినిపిస్తోంది, ఎందుకు?

రాగం కుదరలేదు. మనం ఒత్తి చెప్పాలంటే మాటకు ఏ తగిలిస్తాం: 'నేనే వెళ్లాను', 'నేను నిన్ననే వెళ్లాను'. ఇంగ్లిష్‌లో ఆ పని గొంతు స్థాయి చేస్తుంది. మాట మారదు, దానిమీద గొంతు ఎక్కుతుంది లేదా పడుతుంది. ఆ ఎక్కడం, పడటం ఎలాగన్నది ఊరిని బట్టి ఉంటుంది. యార్క్‌షైర్‌లో మామూలు వాక్యం చివర గొంతు దిగుతుంది. న్యూకాసిల్, లివర్‌పూల్, గ్లాస్గో, బెల్‌ఫాస్ట్‌లలో ప్రశ్న కాకపోయినా చాలాసార్లు ఎక్కుతుంది.

మాటలు తీసేసి రాగం ఒక్కటే సాధన చేయండి. నమూనా ముక్కను పెదవులు మూసి 'మ్ మ్ మ్' అంటూ మూలిగినట్టు అనుకరించండి, పది సార్లు. తర్వాతే మాటలు కలపండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే 'ఎక్కడో తేడాగా ఉంది' అని వాపోతుంటారు.

## రోజూ ఎంతసేపు, ఎలా సాధన చేయాలి?

20 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. ఆదివారం రెండు గంటలు కూర్చుంటే ఫలితం ఉండదు, ఎందుకంటే ఇది నాలుక కండరాల అలవాటు.

మొదటి 3 నిమిషాలు వినడమే. తర్వాత 5 నిమిషాలు రాగం మూలగడం. తర్వాతి 5 నిమిషాలు ఆ వారపు రెండు గుంపుల మాటలు, వాక్యాలు. ఇంకో 5 నిమిషాలు నీడ సాధన: గొంతు వినిపిస్తూ ఉండగా అర సెకను వెనకగా మీరూ పలకడం. చివర 2 నిమిషాలు రికార్డు చేసి, వినకుండా దాచేయండి. మర్నాడు వినండి. చెప్పిన వెంటనే వింటే చెవి మనల్ని వెనకేసుకొస్తుంది.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొంతు స్థాయి మారకుండా వేగం తగ్గించవచ్చు. 75 శాతం చాలు, అంతకంటే తగ్గిస్తే లయ చెడుతుంది. రాగం గీతను కంటితో చూడాలనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాట్ ఉంది, అదీ ఉచితమే. నమూనా గీత పైన, మీ గీత కింద పెట్టి చూస్తే ఎక్కడ ఎక్కలేదో, ఎక్కడ దిగలేదో తెలిసిపోతుంది.

## చదివేటప్పుడు బాగుంటోంది, మాట్లాడబోతే పోతోంది. ఏం చేయాలి?

మధ్యలో మెట్లు లేకపోవడమే కారణం. చదవడం, కంఠస్థం చెప్పడం, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పడం, బొమ్మ చూసి వర్ణించడం, ప్రశ్నలకు జవాబివ్వడం, వాదించడం: ఈ వరసలో వెళ్లండి. ఒక మెట్టులో మూడు రోజులు వరుసగా నిలిస్తేనే పై మెట్టు. అంకెలు, ఫోన్ నంబర్లు, తేదీలు యాసను ముందుగా చంపేస్తాయి, ఎందుకంటే వాటిని ఆలోచించకుండా పలుకుతాం. వాటిని విడిగా సాధన చేయండి.

పలుకు మెల్లగా వేరే ఊరికి జారిపోతుంటే ఊతవాక్యం ఒకటి తయారుచేసుకోండి. మీ యాసలోని ముఖ్యమైన అచ్చులన్నీ అందులో ఉండాలి. యార్క్‌షైర్‌కైతే 'డోంట్ గో హోమ్ లేట్ ఆన్ మండే, లవ్' లాంటిది. జారినట్టు అనిపించగానే లోపల ఒకసారి అనుకుంటే నోరు తన ఆకారానికి వచ్చేస్తుంది.

## మాండలికపు మాటలు ఎన్ని వాడాలి?

మొదటి మూడు నెలలు ఒక్కటీ వద్దు. ధ్వని కుదరకముందే 'నౌట్', 'ఔట్' (ఎనీథింగ్), 'సమ్మట్' (సమ్‌థింగ్) చల్లితే పగటివేషమే అవుతుంది. తర్వాత కూడా మీ నమూనా మనిషి వాడినవే వాడండి. ఆప్యాయపు పిలుపులు ఊరిని బట్టి ఉంటాయి: యార్క్‌షైర్‌లో 'లవ్', డార్బీ, స్టోక్‌ల వైపు 'డక్', న్యూకాసిల్‌లో 'పెట్', గ్లాస్గోలో ఆడవాళ్లను 'హెన్'. ఇవి వినడం ఒకటి, అనడం ఇంకొకటి. పరిచయం లేనివాళ్లను బయటివాళ్లు ఇలా పిలిస్తే అన్నిసార్లూ బాగుండదు.

తెలియక బోల్తాపడే మాట ఒకటుంది: యార్క్‌షైర్‌లో 'వైల్' అంటే 'దాకా' అన్న అర్థం కూడా ఉంది. 'నైన్ వైల్ ఫైవ్' అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా.

## అక్కడివాళ్లు ఎగతాళి అనుకోరా?

ఒక్కోసారి అనుకుంటారు. మామూలుగా మాట్లాడుతూ ఉన్నట్టుండి ఎదుటి మనిషి యాసలోకి మారితే వెక్కిరింపులాగే ఉంటుంది. మొదటి పలకరింపు నుంచి ఒకే పలుకులో ఉంటే ఎవరూ పట్టించుకోరు. అక్కడ నివసించేవాళ్లయితే పెద్ద గుర్తులతో కాక చిన్నవాటితో మొదలుపెట్టడం మేలు: 'బాత్' పొట్టి చేయడం, 'కప్'లో ఉ. గొంతు గరగరలు, 'ద' మింగడం తర్వాత చూసుకోవచ్చు.

## ఐఎల్‌టీఎస్‌లో ప్రాంతీయ యాసకు మార్కులు తగ్గుతాయా?

యాస వల్ల తగ్గవు. మాట్లాడే పరీక్షలో నాలుగు అంశాలను సమాన బరువుతో చూస్తారు, ఉచ్చారణ అందులో ఒకటి. అక్కడ లెక్కలోకి వచ్చేది స్పష్టత, ఊనిక, రాగం. కానీ సగం వచ్చిన లివర్‌పూల్ యాసతో వెళ్తే స్పష్టత దెబ్బతింటుంది. పరీక్షకు మీకు బాగా అలవాటైన పలుకుతోనే వెళ్లండి.

## గొంతు నొప్పి పెడుతోంది, మామూలేనా?

కాదు. గొంతు మూతను బలంగా బిగించడం వల్లో, లివర్‌పూల్ క ను మరీ లోపలి నుంచి లాగడం వల్లో వస్తుంది. మూత చాలా చిన్నది, దగ్గు ఆపుకున్నంత బలం అక్కర్లేదు. గరగర పుట్టాల్సింది అంగిలి వెనకభాగంలో, కంఠంలో కాదు. నొప్పి వస్తే ఆ రోజుకి ఆపి నీళ్లు తాగండి, మర్నాడు గుసగుస స్థాయిలో కాకుండా మామూలు గొంతుతో సగం బలంతో చేయండి. గుసగుస గొంతును ఇంకా అలసిపోయేలా చేస్తుంది. వారం దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించాలి.

## ఎన్నాళ్లు పడుతుంది?

రాసిన సంభాషణ వరకు కుదరడానికి, పైన చెప్పిన పద్ధతిలో రోజూ చేస్తే, ఆరు నుంచి పది వారాలు అనుకోండి. ఆలోచించకుండా మాట్లాడటానికి నెలలు కాదు, ఏడాది పైనే. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు అక్కడివాళ్లను గంటసేపు నమ్మించడం అరుదు, రెండు నిమిషాలు నమ్మించడం మాత్రం సాధ్యమే. ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే 30 సెకన్ల రికార్డింగును ఆ ఊరివాళ్లకు వినిపించి, 'బాగుందా?' అని అడక్కండి, 'ఈయనది ఏ ఊరు?' అని అడగండి. పక్క ఊరి పేరు చెప్పినా దారి సరిగ్గానే ఉంది. 'నటుడా?' అంటే గుర్తులు ఎక్కువయ్యాయని, సగానికి తగ్గించి మళ్లీ వినిపించండి.